జనాబాయి పొలం కొన్న వైనం

జనాబాయి కొత్తిమీర కట్ట కొనడానికి అరగంట తీసుకునేది. అమ్మడానికీ అరగంటే. మహారాష్ట్రలోని నాందేడులో, చౌఫాలా పేట పద్మశాలీల ఇళ్లలో ఆమెతో బేరానికి దిగి గెలిచామని చెప్పుకున్నవాళ్లు లేరు. ఓడిపోయామని బాధపడినవాళ్లూ పెద్దగా లేరు. బేరం తెగాక ఆమె అవతలి మనిషిని కూర్చోబెట్టి, చాయ్ పోసి, పిల్లల చదువుల దగ్గర నుంచి అత్తగారి మోకాళ్ల నొప్పుల దాకా అన్నీ అడిగేది. ఆ మనిషి ఇల్లు చేరి తీరిగ్గా ఆలోచించుకుంటే గానీ ఎక్కడ దెబ్బ తగిలిందో తెలిసేది కాదు.

ఆమె భర్త బాలన్న బట్టల మిల్లులో పనిచేసేవాడు. నెమ్మదైన మనిషి. 1961లో మిల్లులో ఎవరో చెవిలో వేస్తే, దాచుకున్నదంతా తీసి పూర్ణా రోడ్డు పక్కన మూడెకరాల నల్లరేగడి కొన్నాడు. సేద్యం చేద్దామని కాదు. ఊరు అటువైపు పెరుగుతుంది, భూమి ధర పెరుగుతుంది, కొడుకు ఎదిగేనాటికి అక్కరకు వస్తుందని. మిల్లుకు సెలవు ఉన్న రోజున సైకిలు మీద పోయి, గట్టున నిలబడి, కాసేపు భూమిని చూసి, తిరిగి వచ్చేవాడు. అదే ఆయన సేద్యం.

జనాబాయికి అది చూస్తే ఒళ్లు మండేది. "తిని కూసుండే అల్లునిలెక్క ఉన్నది నీ పొలం" అని, మరుసటి ఏడే కొంగు నడుముకు చుట్టి తనే దిగింది. వంకాయ, పచ్చిమిర్చి, మెంతికూర వేసింది. ఎనిమిదేళ్ల తర్వాత బాలన్న జ్వరంతో పోయినప్పుడు ఆ కూరగాయలే ఇంటిని నిలబెట్టాయి. కొడుకు మార్కండేయ మెట్రిక్ పాసై జిల్లా పరిషత్తులో గుమాస్తా అయ్యాక కూడా ఆమె నెత్తి మీద గంప దిగలేదు.

బాలన్న అంచనా తప్పలేదు. 1978 నాటికి ఊరు నడుచుకుంటూ వచ్చి పొలం గట్టు దగ్గర నిలబడింది. ప్లాట్లు కొట్టి అమ్మే ఒక సేఠ్ కబురు పెట్టాడు. ఆ బేరం నలభై రోజులు సాగింది. చివరికి సేఠ్ అరవై వేల దాకా ఎక్కి, పై నుంచి జనాబాయికి ఒక గోధుమ బస్తా కూడా ఇచ్చాడు. ఆ బస్తా ఎందుకిచ్చాడో సేఠ్‌కు తర్వాత ఎంత ఆలోచించినా తట్టలేదట.

కాగితాలు రాసింది శంకర్రావు వకీలు. మరాఠీ మనిషే అయినా చౌఫాలా వాళ్లతో ఇరవై ఏళ్ల సావాసం వల్ల తెలుగు ధారాళంగా మాట్లాడేవాడు. రాతకోతలకు ముందే ఆమెను కూర్చోబెట్టి సంగతి చెప్పాడు.

"జనాబాయీ, నీ భూమి ఇప్పుడు మున్సిపాలిటీ హద్దుల ఉన్నది. గిట్లాంటి భూమి అమ్మితే అచ్చిన లాభం మీద సర్కారుకు పన్ను కట్టాలె."

"లాభమెక్కడిది సాబ్? పదహారేండ్లు చెమటోడ్చిన. గా చెమటకు ధర కట్టిండ్రా?"

"చెమట సంగతి చట్టంల లేదు. కానీ ఒక తొవ్వ ఉన్నది. ఈ భూమిని రెండేండ్ల కంటె ఎక్కువనే నువ్వు సాగు చేసినవు గనుక, అమ్మిన తారీకు నుంచి రెండేండ్ల లోపల ఇంకో సాగుభూమి కొనుక్కో. అప్పుడు కొత్త భూమికి పెట్టినంత మేర పన్ను ఇప్పుడు కట్టే పని లేదు."

"ఇప్పుడు లేదంటే, ఎప్పుడు ఉన్నట్టు?"

శంకర్రావుకు నవ్వొచ్చింది. మెలిక ఎక్కడుందో చాలామంది చదువుకున్నవాళ్లు కూడా అడగరు. "కొన్నదాన్ని మూడేండ్లు అమ్మొద్దు. అమ్మితే ఇయ్యాల ఆగిన పన్ను గా రోజు అచ్చి కూసుంటది."

"అంటే నేను కూరగాయల గంప దించొద్దని సర్కారు హుకుం" అంది జనాబాయి.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాడు వకీలు. భూమంతా అమ్మేస్తే ఆమె రైతు కాకుండా పోతుంది. రైతు కానివాళ్లు మహారాష్ట్రలో సాగుభూమి కొనడం కష్టం. అందుకని ఒక మూలన పది గుంటలు, అంటే పావు ఎకరం, ఉంచుకోమన్నాడు.

"నేను రైతునని నా చేతులు జూస్తే తెల్వదా?"

"చేతులు కచేరీల నడవయి. సాత్ బారా నడుస్తది" అన్నాడు శంకర్రావు. సాత్ బారా అంటే భూమి ఎవరిదో, అందులో ఏ పంట వేశారో, పట్వారీ లాంటి తలాఠీ రాసి ఇచ్చే కాగితం. ఆ కాగితం లేకపోతే పంట పండినా పండనట్టే.

పది గుంటలు ఉంచుకుని, 1978 మార్చి పన్నెండున జనాబాయి మిగతాదాని మీద వేలిముద్ర వేసింది. అంటే 1980 మార్చి పదకొండు లోపల కొత్త పొలం కొనాలి. వకీలు ఆ తేదీని రెండుసార్లు పైకి చెప్పాడు. అదే పొరపాటయింది. గుమ్మం పక్కన బెంచీ మీద అంబదాస్ అనే దలాల్ వేరే ఎవరి కాగితాల కోసమో వచ్చి, చాయ్ తాగుతూ కూర్చున్నాడు. భూముల బేరాలు కుదిర్చి రెండు వైపులా రుసుము పుచ్చుకోవడం అతని వృత్తి. చాయ్ గ్లాసు కింద పెట్టేలోపు ఆ తేదీ అతని బుర్రలో భద్రంగా కూర్చుంది.

మొదటి ఏడాది జనాబాయికి సంబరంగా గడిచింది. అరవై వేలు బ్యాంకులో ఉన్న విధవరాలు పొలం కోసం చూస్తోందంటే మర్యాదలకు కొదువేముంది. దలాళ్లు బస్సు టికెట్టు కొనేవారు, జొన్నరొట్టెలు పెట్టించేవారు. యాభై అయిదేళ్ల దాకా ఊరి పొలిమేర దాటని ఆమె, ఆ ఏడాదిలో జిల్లా అంతా చూసింది. మార్కండేయకు ఇది తలవంపుగా ఉండేది.

"కొనేది లేదు ఏం లేదు, ఊరూరు తిరిగి రొట్టెలు తినొస్తున్నవని ఆఫీసుల అంటున్నరే అమ్మా."

"రొట్టె తినకుంటే గా ఊరి జొన్న ఎట్లుంటదో ఎట్ల తెలుస్తది? జొన్న తెల్వకుంటే భూమి ఎట్ల తెలుస్తది?" అనేది ఆమె.

ఆ మాటలో నిజం లేకపోలేదు. కిన్వట్ అవతల సర్ఖనిలో ఒక దలాల్ పచ్చటి పత్తి చేను చూపించి, నేడో రేపో తీసుకోమన్నాడు. ఆమె దలాల్‌ను చెట్టు కింద కూర్చోబెట్టి, చేలో పత్తి తీస్తున్న గోండు ఆడవాళ్ల దగ్గరికి తనూ వెళ్లి, ఒక సాలు పత్తి తీసిపెట్టింది. ఆ సాలు పూర్తయ్యేసరికి తెలిసింది, ఆ భూమి వాళ్లదేనని, ఆదివాసుల భూమిని బయటివాళ్లు కొనడం కుదరదని, భూమి అమ్ముతారా అని అసలు వాళ్లను ఎవరూ అడగనే లేదని. తిరిగి వచ్చి దలాల్‌తో ఏమీ అనలేదు. బస్టాండులో అతని చేత శనగలు కొనిపించుకుని, దారంతా అతని పెళ్లి సంగతి అడుగుతూ వచ్చింది.

బాబ్లీలో గోదావరి ఒడ్డున మరో పొలం. ఎండాకాలం. ఇంత మెత్తటి మన్ను జిల్లాలో లేదని దలాల్ పొగుడుతుంటే, ఆమె మన్ను వైపు చూడకుండా గట్టు మీది తుమ్మచెట్టు వైపు చూసింది. మనిషెత్తు మీద కొమ్మల్లో ఎండిన గడ్డి, ఒక చిరిగిన గోనె ముక్క చిక్కుకుని ఉన్నాయి.

"గా గోనె ఎవరు ఎక్కి కట్టిండ్రు బిడ్డా?" అని అడిగింది.

కట్టింది కిందటి వానాకాలపు గోదారి అని ఇద్దరికీ తెలుసు.

రెండో ఏడాది సగానికి వచ్చేసరికి ఒక విచిత్రం మొదలైంది. ఆమె ఏ పొలం చూసినా, మొదటి రోజు ఒక ధర, వారం తర్వాత ఇంకో ధర. ఎక్కడికి పోయినా ఆమె కంటే ముందు ఆమె తేదీ చేరుతోంది. ఎవరి పని అయి ఉంటుందో ఆమె ఊహించింది గానీ బయటపడలేదు.

1979 దసరా తర్వాత అంబదాసే స్వయంగా ఒక మంచి పొలం తెచ్చాడు. ముద్‌ఖేడ్‌లో రైలు దిగి, బండి మీద అరగంట పోతే వచ్చే ఊరు. కాశీరాం పటేల్‌ది, ఆరెకరాలు, బావి ఉంది. మన్ను చూసింది, బావి నీళ్లు తాగింది, వాళ్లింటి రొట్టె తిన్నది. జనాబాయికి నచ్చింది. ఎకరం తొమ్మిది వేలన్నాడు కాశీరాం. ఆమె ఏడున్నర అంది. అంటే ఎనిమిదిన్నరకు తెగుతుందని ఇద్దరికీ అర్థమైనట్టే.

కానీ పది రోజుల తర్వాత పోతే కాశీరాం పదకొండున్నర వేలన్నాడు.

"మొన్న తొమ్మిదంటివి గదా పటేలా."

"మొన్నటి మాట మొన్నటిది. తొందరేమున్నది అక్కా? హోలీ దాటనీ. చల్లగ మాట్లాడుకుందాం."

పొలం అమ్మేవాడు తొందర లేదంటే అతనికి ఏదో తెలిసినట్టు లెక్క. జనాబాయి నీళ్లు తాగొస్తానని లేచి లోపలికి పోయింది. వంటింట్లో కాశీరాం వదిన ఎంకవ్వ పొయ్యి ఊదుతోంది. నలభై అయిదేళ్లుంటాయి. పెనిమిటి పోయి తొమ్మిదేళ్లు. ఆమె నీళ్ల చెంబు ఇస్తూ, గొంతు తగ్గించి అంది:

"అక్కా, మార్చి పదకొండు దాక నిన్ను ఆగబెట్టుమని గా అంబదాస్ మా మరిదికి జెప్పిండు. గా దినం నువ్వు ఏ ధరకైనా ఒప్పుకుంటవట."

"నాకెందుకు జెప్తున్నవు చెల్లె?"

ఎంకవ్వ పొయ్యిలో పుల్ల సర్దింది. "నాకు గూడ ఆరెకరాలున్నది. మా మరిది పొలం పక్కన్నే. గా బావిల సగం నీళ్లు నావి. మా ఆయన ఉన్నప్పుడే పంపకాలైనయి, ఆయన పోయినంక నా పేరు మీద ఎక్కింది. తొమ్మిదేండ్ల సంది మా మరిదే దున్నుతున్నడు. ఏడాదికి రెండు బస్తాల జొన్న నా మొగాన పారేస్తడు. అడిగితే ఆడదానికి భూమితోటి ఏం పని అంటడు."

జనాబాయి నీళ్లు తాగడం మానేసి పీట లాక్కుని కూర్చుంది. "నీకేం గావాలె?"

"నల్లా" అంది ఎంకవ్వ. "ఇంట్ల నల్లా ఉండాలె. తిప్పితే నీళ్లు పడాలె. ముప్పై ఏండ్లు మోసిన. ఇగ నాతోని గాదు."

బయట అరుగు మీద కాశీరామూ అంబదాసూ బీడీలు కాలుస్తూ ముసలమ్మ ఎంతసేపు నీళ్లు తాగుతుందిరా అనుకుంటున్నారు. లోపల ఇద్దరాడవాళ్లు ఎకరం ఎనిమిదిన్నరకు మాట కలుపుకున్నారు. జనాబాయి జీవితంలో అంత తొందరగా తెగిన బేరం మరొకటి లేదు. చాయ్ మరిగేంతసేపు కూడా పట్టలేదు.

చిక్కల్లా కాశీరాంతోనే. ముందే తెలిస్తే వదినను బెదిరిస్తాడు, కచేరీలో అర్జీ పెడతాడు, తేదీ దాటిపోయేదాకా లాగుతాడు. కాబట్టి అతను తన బేరంలో తలమునకలుగా ఉండాలి. ఆ పని జనాబాయి తన మీద వేసుకుంది.

ఆనాటి నుంచి ఆమె పది రోజులకోసారి ప్యాసింజర్ ఎక్కి ముద్‌ఖేడ్‌లో దిగేది. కూలికి బండి తోలే మాణిక్ స్టేషన్ దగ్గర సిద్ధంగా ఉండేవాడు. భూమి లేని మనిషి, ముప్పై ఏళ్లవాడు, విన్నమాట బయటపెట్టనివాడు. కాశీరాం అరుగు మీద కూర్చుని ఆమె ధర మాట ఎత్తేదే కాదు. ఒకసారి, బావి మీది గిలక పొలంతో పాటు వస్తుందా రాదా అని అడిగింది. రాదన్నాడు కాశీరాం. గిలక లేని బావి బావెట్లా అయితదని ఆమె. దాని మీద పూటంతా గడిచింది. ఇంకోసారి పశువుల తొట్టి. మరోసారి, గట్టు మీది మామిడిచెట్టు కొమ్మలు పక్క పొలం వైపు వంగి ఉన్నాయి గదా, రాలిన కాయలెవరివి అని. కాశీరాం ఆ మామిడికాయల గురించి రాత్రి పడుకుని కూడా ఆలోచించేవాడని తర్వాత ఎంకవ్వ చెప్పింది.

ఊళ్లోవాళ్లు ఈ బేరం వినడానికి పనులు మానుకుని వచ్చి కూర్చునేవారు.

జనవరి చివర్లో ఎంకవ్వ మరిదితో, కళ్లు మసకబారుతున్నాయి, నాందేడు పోయి డాక్టరుకు చూపించుకుంటానంది. పొమ్మన్నాడు. మాణిక్ బండి మీద ముద్‌ఖేడ్, అక్కణ్నుంచి రైలు. స్టేషన్‌లో జనాబాయి ఎదురుచూస్తోంది. ముందు నిజంగానే కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది, అబద్ధం ఆడినట్టు ఉండకూడదని. చూస్తే నిజంగానే కళ్లు బాగాలేవు. అద్దాలు రాయించుకుని, అక్కణ్నుంచి రిజిస్ట్రీ కచేరీకి పోయి, ఎంకవ్వ వేలిముద్ర వేసింది. శంకర్రావు పక్కనే నిలబడి, ఈసారి ఏ తేదీనీ పైకి చదవలేదు.

కాగితం అయిపోయింది. కానీ సాత్ బారాలో జనాబాయి పేరు ఎక్కాలంటే తలాఠీ ఊరి చావడి గోడకు నోటీసు అంటించాలి. పదిహేను రోజుల లోపల ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పుకోవచ్చు. నోటీసు అంటించారు. ఊరంతా చదివింది. చదువు రానివాళ్లు చదివించుకుని విన్నారు. కాశీరాం మాత్రం రోజూ చావడి ముందు నుంచే పోతూ తల తిప్పలేదు. చావడి గోడ చదవడం పటేల్ చేసే పని కాదు. ఊళ్లో ఒక్కరూ అతనికి చెప్పలేదు. అతని మీద కోపం కొందరికి. మిగతావాళ్లకు మామిడికాయల బేరం ఎట్లా ముగుస్తుందో చూడాలని.

ఎంకవ్వ కొత్త అద్దాలు పెట్టుకుని వంటింట్లో తిరుగుతుంటే కాశీరాం అడిగాడట, "ఇప్పుడు మంచిగ కనవడుతున్నదా వదినా?"

"మంచిగనే కనవడుతున్నది" అందట ఎంకవ్వ.

హోలీ అయిపోయింది. అంతకు ముందే, ఫిబ్రవరిలో, నోటీసు గడువు దాటి జనాబాయి పేరు సాత్ బారాకు ఎక్కింది. మార్చి పదో తేదీ సోమవారం వస్తానని ఆమె కాశీరాంకు చెప్పి ఉంది. ఆ రోజు అతను ఉతికిన ధోతి కట్టుకుని పొద్దుటి నుంచి అరుగు మీద కూర్చున్నాడు. ప్యాసింజర్ వచ్చి పోయింది. మధ్యాహ్నం రైలూ పోయింది. జనాబాయి రాలేదు. అంబదాస్ నాలుగుసార్లు స్టేషన్ దాకా పోయి వచ్చాడు. మూడింటికి కాశీరాం అరుగు దిగాడు. ముసలమ్మ ఇంకెక్కడైనా కొనేస్తే, ఇంతకాలం పడ్డ యాతనంతా వృథా.

సాయంత్రం అయిదింటికి ఇద్దరూ చౌఫాలాలో జనాబాయి ఇంటి ముందు నిలబడ్డారు.

"రాండ్రి పటేలా, కూసోండ్రి. ఇయ్యాల మోకాలు పట్టుకున్నది, రాకపోతిని" అంది ఆమె. చాయ్ పెట్టింది. అటుకులు వేయించింది. మార్కండేయ ఆఫీసు నుంచి వచ్చి, ఈ వరస చూసి, తలనొప్పని లోపలికి పోయి తలుపు వెనక నిలబడ్డాడు.

"పదకొండున్నర అన్న గదా అక్కా" అన్నాడు కాశీరాం. "నీ మొకం జూసి పదకొండు జేస్త. రేపే రిజిస్ట్రీ."

"గిలక?"

"గిలక నీదే."

"మీ పెద్దోని చదువు ఎట్లున్నది?"

"మంచిగున్నది. పది ఇయ్యి."

"మామిడికాయలు?"

కాశీరాం కళ్లు మూసుకున్నాడు. "అవి గూడ నీవే. తొమ్మిది. నేను మొదలు జెప్పిన మాటే."

అంబదాస్ తన రుసుము కరిగిపోవడం చూస్తూ కాశీరాం మోకాలు మీద గోకుతున్నాడు. కాశీరాం ఆ చెయ్యి తోసేసి ఎనిమిదిన్నరకు దిగాడు. జనాబాయి మరో చాయ్ పోసింది. దీపం వెలిగించి వచ్చేసరికి ఎనిమిది వేలయింది.

"ఎనిమిది" అంది ఆమె మెల్లగా. "మంచి ధర పటేలా. గీ మాట ముందే అంటే బాగుండు. ఇప్పుడు నా దగ్గర పైసల్లేవు."

"ఏమైనయ్?"

"పొలం కొన్న."

"ఎక్కడ?"

"నీ పొలం పక్కన్నే. మీ వదినెది. పోయిన నెల సాత్ బారా గూడ అయింది. మీ చావడి గోడకు నోటీసు పదిహేను దినాలున్నది."

అంబదాస్ ఇంటి దూలాలు లెక్కపెట్టే పనిలో పడ్డాడు. చివరికి కాశీరాం అడిగాడు:

"మా వదినె కండ్లు జూపించుకుంటనని గదా పోయింది."

"జూపించుకున్నది. ముందు కండ్లు, తర్వాత కచేరి."

తలుపు వెనక మార్కండేయకు దగ్గు వచ్చింది. కాశీరాం మొహంలో మూడు నాలుగు రంగులు మారాయి. లేచి అరుస్తాడేమో అనుకుంది జనాబాయి. కానీ అతను మిగిలిన చాయ్ తాగి, గ్లాసు నేల మీద పెట్టి, "ఎంతకు?" అన్నాడు.

"ఎనిమిదిన్నర."

కాశీరాం ఆమె వైపు చూశాడు. మెల్లగా మీసం కింద నవ్వు మొలిచింది. "నేను ఎనిమిదికే ఇస్తుంటి గదా అక్కా. ఎకరానికి ఐదువందలు ఎక్కువ పెట్టినవు."

అని తలపాగా సర్దుకుని, అంబదాస్‌ను లేవమని, ఆఖరి రైలుకు బయల్దేరాడు. జనాబాయి గుమ్మంలో నిలబడిపోయింది. నలభై ఏళ్ల బేరాల్లో మొదటిసారి దెబ్బ తిన్నది, అదీ తాను కొనని పొలం మీద. ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు. ఆమెను చూసి కొడుకు పగలబడి నవ్వుతుంటే, తెల్లారేలోపు తనకూ నవ్వొచ్చింది. ఊళ్లో కాశీరాం మాత్రం మర్నాటి నుంచే, జనాబాయి లాంటి మనిషి ఎకరానికి ఐదువందలు పోగొట్టుకుందని అందరికీ చెప్పుకుని తల ఎత్తుకు తిరిగాడు. వదిన భూమి పోయిందన్న సంగతి ఆ మాటల కింద కప్పుకుపోయింది.

ఇన్‌కంటాక్స్ ఆఫీసు నుంచి పిలుపు వచ్చినప్పుడు శంకర్రావు ఆమె వెంట పోయాడు. ఆఫీసరు కుర్రవాడు, పరాయి జిల్లావాడు, హిందీలో మాట్లాడాడు. కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి గానీ, నాందేడు నడిబొడ్డుకు ఇంత దగ్గరి భూమిలో ఈమె నిజంగా సాగు చేసిందంటే అతనికి నమ్మకం కుదరలేదు. ఏం పండించేదానివని అడిగాడు. వంకాయలు, మిర్చి అంది. ఎవరికమ్మేదానివన్నాడు. అప్పుడే చాయ్ తెచ్చిన నౌకరు ఆమెను చూసి, "అరె, మిర్చీవాలీ బాయీ, ఈమధ్య కనబడవేం? మా ఇంట్ల నీ మిర్చి లేక కూర కారం తగ్గింది" అన్నాడు. ఆఫీసరు కాసేపు నౌకరు వైపు, కాసేపు ఆమె చేతుల వైపు చూసి, ఫైలు మీద రాసి పక్కన పెట్టాడు. కొత్త భూమికి పెట్టగా మిగిలిన కొంచెం మీద ఆమె పన్ను కట్టాల్సి వచ్చింది. కట్టింది. కట్టేముందు, తగ్గుతుందా అని కౌంటరు దగ్గర ఒక మాట అడగకుండా ఉండలేకపోయింది.

ఎంకవ్వ చేతికొచ్చిన డబ్బులో కొంత పెట్టి నాందేడులో ప్లాటు కొంది. ఎక్కడో కాదు, జనాబాయి సేఠ్‌కు అమ్మిన పూర్ణా రోడ్డు పొలంలోనే. రెండు గదులు కట్టి, వాకిట్లో నల్లా పెట్టించింది. మొదటి రోజు నల్లా తిప్పి, నీళ్లు పడుతుంటే కట్టేయకుండా చూస్తూ నిలబడిందట. పక్కింటివాళ్లు వచ్చి కట్టేయాల్సి వచ్చింది. రెండు వానలకు నల్లరేగడి ఉబ్బి గోడలు పగుళ్లిచ్చాయి.

"నీ మన్ను మంచిది గాదక్కా" అనేది ఎంకవ్వ.

"మెంతికూరకు మంచిదే. ఇల్లు కట్టుమని నేనన్ననా? నీ పొలంల రాళ్లు మాత్రం తక్కువున్నయా?" అనేది జనాబాయి. అట్లా ఒకరి భూమిని ఒకరు తిట్టుకుంటూ, వారానికి రెండుసార్లు కలిసి చాయ్ తాగేవారు.

ముద్‌ఖేడ్ పొలాన్ని మాణిక్ పాలుకు, అంటే పంటలో వాటాకు, చేశాడు. పసుపు వేశారు, తర్వాత అరటి. కాశీరాం దున్నినప్పుడల్లా గట్టు ఒక జానెడు ఇటు జరిగేది. జనాబాయి వచ్చినప్పుడల్లా జానెడు అటు జరిగేది. మూడేళ్లు ఆ గట్టు ఒక్కచోట నిలబడలేదు. అయినా మాణిక్ ఎద్దుకు జబ్బు చేస్తే కాశీరామే తన ఎద్దునిచ్చాడు.

1983 మార్చిలో శంకర్రావు కబురు చేశాడు. మూడేళ్లు నిండాయి, ఇక అమ్ముకున్నా పాత పన్ను లేచి కూర్చోదని. ఆ నాటికి అరటి వల్ల ధర రెట్టింపయింది. మార్కండేయకు ఇల్లు కట్టుకోవాలని ఉంది. పాలుకు సేద్యం చేస్తున్నవాడు కొనడానికి అడ్డం లేదని వకీలు చెప్పగా, జనాబాయి రెండెకరాలు తీసి మాణిక్‌కే ఇచ్చింది, బయటి ధర కంటే తక్కువకు, పంటలో కొంత కొంత చెల్లించేట్టు. ఆ బేరం కూడా అరగంట పట్టింది. మాణిక్ ఒక మాట తగ్గించమంటే ఆమె రెండు మాటలు పెంచి, మూడు మాటలు తగ్గించింది. మిగతా నాలుగెకరాలు అమ్మలేదు. కొడుకు ఆఫీసు నుంచి అప్పు తీసుకుని ఇల్లు కట్టుకున్నాడు.

ఆమెకు అరవై దాటాక, చౌఫాలాలో సీతారాం అనే వరుసకు తమ్ముడయ్యేవాడు దేగ్లూర్ నాకా దగ్గరి పొలం అమ్మి రెండేళ్లు కావస్తుండగా, సలహా కోసం వచ్చాడు. అప్పటికి ఇట్లాంటివాళ్లు చాలామంది వచ్చేవారు. ఆమె అతనికి రెండే మాటలు చెప్పింది. నది ఒడ్డున పొలమైతే ముందు చెట్ల కొమ్మలు చూడమంది. అమ్మేవాడి అరుగు మీద కూర్చోకుండా, వీలుంటే వంటింట్లో కూర్చోమంది. మగవాణ్ని వంటింట్లోకి ఎట్ల రానిస్తారని అతనంటే, పెళ్లాన్ని తీసుకుపొమ్మంది.

మరుసటి వారం అంబదాస్ మార్కెట్లో కలిశాడు. జుట్టు నెరిసింది గానీ చెవులు ఇంకా చురుకే.

"పెద్దవ్వా, సీతారాం పొలం కోసం జూస్తున్నడట. ఆయన గడువు ఎప్పటిదాక ఉన్నదో?"

జనాబాయి గంపలోని వంకాయ ఒకటి తీసి, తిప్పి చూసి, అంబదాస్ చేతిలో పెట్టింది.

"వచ్చే దీపావళి దాక" అంది. "ఇంక చానా దినాలున్నది బిడ్డా. ఆయనకేం తొందర లేదు."

సీతారాం గడువు ఉగాదికే అయిపోతుంది. ఉగాదికి అప్పటికి నలభై రోజులుంది.